పాలు పితకని కౌబాయ్‌లు

ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, మంచి పాత కౌబాయ్ సినిమా ఒకటి చెప్పు, ఇంట్లో మా నాయన చూస్తాడంట" అని అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. ముందు ప్రశ్నలు వేస్తాను. చూసేది ఎలాంటి మనిషి? ఆయనకు ఏమంటే ప్రాణం? ఆయన సినిమా చూస్తున్నంతసేపూ మీరంతా ఏం చేస్తుంటారు? ఈ చివరి ప్రశ్నకు అవతలివాళ్లు తికమకపడతారు. ముసలోడికి చాదస్తం ముదిరిందని గొణుక్కునేవాళ్లూ ఉన్నారు. గొణుక్కోనీ. ఆ ప్రశ్న ఎందుకు వేస్తానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇళ్లకు పోయి గోడలకు టీవీలు బిగించే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కాస్త ఓపిక పట్టి చదవండి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, కాబట్టి మాట పెళుసుగా ఉంటే సర్దుకోండి.

నేను పుట్టింది కుప్పం దగ్గర, గుడుపల్లె పక్క ఒక పల్లెలో. సేద్యగాళ్ల ఇల్లు. మా చిన్నప్పుడు కుప్పంలో ఇంగ్లీషు సినిమా పడిందంటే హాలు నిండిపోయేది. తెలుగు సినిమా వస్తే అరవం మాట్లాడేవాళ్లు మూతి తిప్పుకునేవారు, అరవ సినిమా వస్తే కన్నడంవాళ్లు మూతి తిప్పుకునేవారు. ఇంగ్లీషు సినిమా ఎవరికీ అర్థం కాదు, అందుకని ఎవరికీ పేచీ లేదు. అందులోనూ కౌబాయ్ సినిమా అంటే మాటలతో పనే లేదు. టోపీ, గుర్రం, దుమ్ము, దూరంగా కొండ. మా ఊళ్ల చుట్టూ కూడా బండరాళ్ల కొండలూ ఎండిన బీళ్లే కదా, అది ఎక్కడో దూరదేశమని మాకు అనిపించేదే కాదు. ఆ పిచ్చితోనే మదనపల్లెలో ఒక హాలులో ఆపరేటర్‌గా చేరాను. చాలా ఏళ్లు బొమ్మ వేశాను. తర్వాత ఆ హాలు మూసి ఫంక్షన్ హాలు చేశారు. నేను బొమ్మ వేసిన గోడ మీద ఇప్పుడు పెళ్లికొడుకు పేరూ పెళ్లికూతురు పేరూ పూలతో రాస్తున్నారు. రాసుకోనీ, వాళ్లేం పాపం చేశారు.

హాలు పోయాక అదే ఊళ్లో ఒక టీవీల షోరూములో చేరాను. టీవీ కొన్నవాళ్లింటికి వెళ్లి, గోడకు బిగించి, నెట్టు తగిలించి, రిమోటు నేర్పించి రావాలి. మదనపల్లె, పుంగనూరు, చుట్టుపక్కల పల్లెలు. ఒక్కోసారి కుప్పం దాకా పంపేవారు. బిగించాక బొమ్మ ఎలా ఉందో చూపించడానికి షోరూమువాళ్లు ఒక వీడియో ఇచ్చారు. చిలకలు, జలపాతాలు, కోసిన పండ్లు! ఇంత పెద్ద తెర కొనుక్కుని కోసిన బొప్పాయి చూస్తారా ఎవరైనా? నేను మాత్రం నెట్టులో వెతికి పాత కౌబాయ్ సినిమా ఒకటి పెట్టేవాణ్ణి. అట్లా చూసి కొందరికి పిచ్చి పట్టేది. ఇంకొకటి చెప్పు, ఇంకొకటి చెప్పు అని ఫోన్లు చేసేవారు.

సినిమా చెప్పడం కూడా ఒక పనే, అది చాలామందికి తెలియదు. కొత్తగా చూసేవాడికి లోకమంతా గొప్పదని పొగిడినదీ, అన్నిటికంటే పొడుగైనదీ ముందు చెబుతారు. అన్నప్రాశన బిడ్డకు ఆవకాయ ముద్ద పెట్టినట్టు! వాడు సగంలో గురక పెడతాడు, ఈ రకం సినిమాలు నాకు పడవని తేల్చేస్తాడు. ఇక ఫోన్లు, టీవీలు సొంతంగా చెప్పే సలహాలైతే మరీ ఘోరం. నువ్వు ఒక గుర్రాన్ని చూశావు కాబట్టి ఇదిగో ఇంకో గుర్రం అంటాయి. వాటికి మనిషి తెలియదు కదా. మనిషిని చూసి చెప్పాలి సినిమా. ఈ విషయంలో నాకు గర్వం ఉండేది, దాచుకోను. ఆ గర్వం మీదే దెబ్బ పడింది.

రామసముద్రం పక్క ఒక పల్లెలో టీవీ బిగించడానికి పోయాను. ఇంటి పెద్దాయన ఎనభైకి దగ్గర పడుతున్న రైతు. పశువుల కొట్టంలో కాలు జారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని బాత్రూము దాకా పోవడం తప్ప నడక లేదు. ముందుగదిలో మంచం వేశారు. ఇల్లు చూసుకునేది కొడుకు, కోడలు. టమోటా సేద్యం. కొడుకు మర్యాదస్తుడే. "అన్నా, కాఫీ తాగు, తర్వాత బిగిద్దువు" అన్నాడు.

ఆ ఇంటి వెనకాల కొట్టంలో రెండు పుంగనూరు ఆవులూ ఒక పెయ్యదూడా ఉండేవి. చిన్న ఆవులు, మనిషి నడుం ఎత్తు కూడా ఉండవు. ఊళ్లో అందరూ పాలు బాగా ఇస్తాయని సీమ ఆవులు కట్టుకున్న రోజుల్లో ఈయన ఒక్కడూ ఈ జాతిని వదల్లేదు. చెంబెడు పాలకు ఇంత చాకిరీయా అని నవ్వారట జనం. పెద్దావును ఆయన బుడ్డావు అని పిలిచేవాడు. మంచం మీద నుంచే కొట్టం పనంతా నడిపేవాడు.

"బుడ్డావుకు కుడితి పెట్టినారా? పెయ్య దగ్గతాండాది, పోయి సూడండి!"

"ఈడ పడుకోని నీకెట్లా ఇనపడింది నాయనా?" అని కొడుకు విసుక్కున్నాడు.

"చెవులుండాయి గదరా, తుంటి ఒకటే గదా ఇరిగింది!"

పొద్దున లేచింది మొదలు ఇదే వరస అని కొడుకు నాతో చెప్పుకున్నాడు. ఈ నస తగ్గుతుందనే టీవీ కొన్నాడు. సీరియల్ పెడితే పెద్దాయన మొహం గోడకు తిప్పుకున్నాడు. వార్తలు పెడితే తిట్టాడు. నేను బొమ్మ సరిచేసుకుందామని నా అలవాటు ప్రకారం ఒక కౌబాయ్ సినిమా పెట్టాను. తెర నిండా బీడు. ఆ బీడు నిండా ఆవులు. పెద్దాయన తిట్టు మధ్యలో ఆపేశాడు.

"ఒరే నాయనా, ఆ కొమ్ములేందిరా! అదేం జాతి?"

"అమెరికా ఆవులు పెదనాయనా."

"ఇన్ని ఆవుల్ని ఇంతమందేనా తోలతాండేది? వెనకాలుండే వాడు సరిగ్గా తోలతాండాడు. ముందర పోయే ఎర్రటోపీ వాడికేం తెలీదు, ఉరికిస్తాండాడు. కుంటివైపోతాయి రా!"

ఆ రోజు నేను సామాను సర్దుకుని బండి ఎక్కేదాకా ఆయన తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. వారం తిరక్కముందే కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామ గుర్రాల సినిమా ఇంకొకటి అడగతాండాడు. ఏది పెట్టాల?" నాకు సంతోషం. ముగ్గురు నలుగురు తుపాకీవీరులు, ఊరి నడివీధి, ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చూసుకోవడం, ఆ రకంలో చాలా పేరున్నది ఒకటి చెప్పాను. మర్నాడు ఆ అమ్మ ఫోను పెద్దాయన చేతికిచ్చింది. అబ్బబ్బ, ఏం తిట్లు!

"ఏమప్పా, ఏం సినిమా అది? ఇద్దురూ నిలబడుకోని అంతసేపు మొహాలు సూసుకుంటాండారే, ఆలోపల గుర్రానికి నీళ్లు పెట్టచ్చు గదా! ఆ హోటల్ ముందర కట్టేసిన గుర్రం పొద్దన్నించి ఎండలోనే ఉండాది. దాన్ని అడిగేవాడు లేడు. అందరూ లోపల తాగను పోతారు. ఈళ్లు మనుషులా?"

నేను ఆ సినిమాను పాతికసార్లు చూసుంటాను. ఆ గుర్రం సంగతి నాకు ఒక్కసారీ తట్టలేదు. అప్పటి నుంచి ఆయనకు చెప్పే పద్ధతి మార్చాను. ఎవరు హీరో, ఎవరు తీశారు, ఎన్ని బహుమతులు వచ్చాయి, ఇవన్నీ పక్కన పెట్టాను. ఆవులు ఎంతసేపు కనిపిస్తాయి, అదీ లెక్క. మందను నది దాటించే సినిమా, మేత కోసం రెండు కుటుంబాలు కొట్టుకునే సినిమా, కంచెలు వేయడం గురించి తగువులాడుకునే సినిమా. ఒకదాంట్లో దారిలో ఈనిన ఆవు దూడను వంటవాడు బండిలో వేసుకుని తీసుకుపోతాడు. అది చూసి పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడని కోడలు చెప్పింది. ఆ వంటవాడు ఒక్కడే అందులో మనిషని తీర్పు కూడా ఇచ్చాడట.

ఆయనకు పెద్ద అభ్యంతరం ఒకటి ఉండేది. ఒకసారి పుంగనూరులో పని చూసుకుని ఆ దారిన పోతూ తొంగి చూస్తే పట్టుకున్నాడు.

"నాకొకటి సెప్పప్పా. వెయ్యి ఆవులుండాయి గదా. ఇన్ని సినిమాల్లో ఒక్కడన్నా పాలు పితికినాడా?"

"లేదు పెదనాయనా."

"మరి ఎందుకప్పా ఆవులు? పొద్దన్నే మంట ఏసుకోని నల్లకాఫీ తాగతాండారు! పక్కనే అన్ని ఆవులు పెట్టుకోని ఎవుడన్నా నల్లకాఫీ తాగతాడా?"

నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు, నిజంగానే కోపం. ఆవుతో ఉండాలంటే దాని పొదుగు తెలిసుండాలి, దాని రోగం తెలిసుండాలి, ఉట్టిగా వెనకాల గుర్రమెక్కి తిరిగితే ఆవులోడు అయిపోతాడా అని నన్ను నిలదీశాడు. చెప్పొద్దూ, ఆ ఇంటికి పోవడం నాకు అలవాటైపోయింది. హాలు మూతపడ్డాక నా పిచ్చిని అంత గట్టిగా పట్టించుకుని తిట్టినవాడు ఆయన ఒక్కడే.

ఇక అసలు రోజు. కొడుకు షోరూముకు వచ్చి గోడకు తగిలించే పొడుగు స్పీకరు, నేల మీద పెట్టే డబ్బా స్పీకరు కొన్నాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఎల్లుండి పొద్దన్నే నువ్వే వచ్చి బిగించాల. సినిమా కూడా మంచిది చెప్పన్నా, బాగా శబ్దముండేది. మా నాయనకు చెవులు రవ్వంత మందమైనాయి."

పెయ్యదూడ దగ్గు గోడ అవతల నుంచి పట్టే మనిషికి చెవులు మందమేమిటని నాకు అనుమానం రావాలి. రాలేదు. తండ్రి మీద ఎంత ప్రేమరా అనుకున్నాను. నా బొంద! రాత్రంతా ఆలోచించి, మంద బెదిరి పరుగెత్తే సినిమా ఒకటి ఏరాను. ఉరుములు, ఆవుల అరుపులు, నేల అదిరే గిట్టల చప్పుడు. కొత్త స్పీకర్లకు ఇంతకంటే ఏం కావాలి?

పొద్దున్నే పోయాను. బిగించాను. పెద్దాయన స్నానం చేసి, పిల్లవాడిలా ఎదురుచూస్తూ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కొడుకు లోపలికి వచ్చి కిటికీలు మూశాడు. "దుమ్ము పడతాది" అన్నాడు. పోతూపోతూ వెనకవైపు తలుపు కూడా దగ్గరకు వేసి, అవతల నుంచి గడియ పెట్టాడు. సినిమా మొదలైంది. మంద కదిలింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. స్పీకరు వైరు వేలాడుతుంటే, దాన్ని గోడకు కొట్టే క్లిప్పులు నా బండి పెట్టెలో ఉన్నాయని గుర్తొచ్చి వీధి తలుపు తీసుకుని బయటికి పోయాను. బండి ఇంటి పక్క సందులో ఉంది. అక్కడి నుంచి కొట్టం కనిపిస్తుంది.

కొట్టం ముందర ఒక వ్యాను. లోపల పరుపు పరిచారు, నిజం పరుపు! చలువ కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన, ఆయన వెంట వచ్చిన వాళ్లు ఫోన్లతో వీడియోలు తీస్తున్నారు. బుడ్డావు మెడలో కొత్త నైలాన్ తాడు, రంగురంగులది, గంటలు కుట్టింది. దాని పాత పలుపు గుంజకు తగిలించి ఉంది. అది చూడగానే నాకు వేరే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మా పక్క ఆవును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన తాడు తెచ్చుకుంటాడు. పాత పలుపు ఇంట్లోనే ఉండాలి, లేకపోతే ఇంటికి కలిసొచ్చేది ఆవుతో పాటే పోతుందని నమ్మకం. ఆ పలుపును ఇంటి పెద్దే తన చేత్తో విప్పాలి. ఆయన బతికున్నన్నాళ్లూ ఇంకొకరు దాని జోలికి పోరు. మా గుడుపల్లె ఇంట్లో మా నాయన విప్పుతుంటే చూశాను, ఆ పూట ఆయన అన్నం తినలేదు.

కొడుకు నన్ను చూసి గబగబా దగ్గరికొచ్చాడు.

"నాయనకు సెప్పినావా అప్పా?" అని అడిగాను.

"సెప్తే ఒప్పుకుంటాడా అన్నా? ఎవురు సూసుకోవాల వీటిని? మా ఇంటిదానికి పేడ ఎత్తీ ఎత్తీ నడుం పోయింది. ఈ బుడ్డ ఆవులంటే సిటీ వాళ్లు ఇప్పుడు ఎగబడతాండారు. మూడింటినీ పంపించేస్తాండాము. సినిమా అయ్యేలోపల పని అయిపోతాది. నాయనకు తర్వాత నిదానంగా సెప్తాము. నువ్వు లోపలికి పో అన్నా. సౌండు రవ్వంత పెంచు."

సౌండు రవ్వంత పెంచు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. అమ్మడం తప్పని నేను అనను. ఆ అమ్మాయి నడుం మాట అబద్ధం కాదు, చాకిరీ చేసేవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. కానీ పెద్దాయన సొంత ఆవుల అరుపు ఆయన చెవిన పడకుండా, నేను ఏరి తెచ్చిన ఆవుల అరుపుతో మూస్తారా? నేను సినిమా చెప్పేది అందుకా? మంచాన పడ్డవాడు కాబట్టి ఏడ్చే పిల్లాడి నోట్లో పాలపీక పెట్టినట్టు టీవీ పెడితే సరిపోతుందా? నన్ను ఆ పాలపీక పట్టుకుని నిలబడే మనిషిని చేస్తారా?

అక్కడే ఉంటే కొడుకు మీద చెయ్యి చేసుకునేవాణ్ణేమో. లోపలికి పోయాను. తెర మీద మంద పరుగు మంచి ఊపులో ఉంది, గది అదిరిపోతోంది. పెద్దాయన ముందుకు వంగి చూస్తున్నాడు. నేను పోయి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాను.

"కరెంటు పోయిందా ఏందప్పా? సరిగ్గా మంచి టయానికి!"

"కరెంటు పోలేదు పెదనాయనా. నేనే ఆపినాను. రవ్వంత సేపు ఇను."

ఆయన నా మొహంలోకి చూశాడు. గదిలో చప్పుడు లేదు. వెనకాల నుంచి బుడ్డావు అరిచింది. ఎప్పుడూ అరిచే అరుపు కాదు అది, పల్లెలో పుట్టినవాడికి తెలిసిపోతుంది. వెంటనే పెయ్య అరిచింది, అది వ్యాను లోపల నుంచి. పెద్దాయన వాకర్ కోసం చెయ్యి చాపాడు. నేను అందించి భుజం పట్టుకున్నాను. వెనక తలుపు దాకా పోయాం. గడియ అవతల వైపు ఉంది. వంటింట్లో నుంచి కోడలు వచ్చింది. మమ్మల్ని ఆపుతుందనుకున్నాను. ఆమె వంటింటి తలుపు గుండా చుట్టూ తిరిగి పోయి, గడియ తీసింది. మొగుడి వైపు చూడలేదు.

పెద్దాయన కేకలు వేస్తాడనుకున్నారు అందరూ. వెయ్యలేదు. చలువ కళ్లద్దాల ఆయన వైపు తిరిగాడు.

"నువ్వేనా అప్పా కొనుక్కుండేది? యాడ మీది?"

"బెంగుళూరు తాతా. అపార్టుమెంటు."

"ఆవును యాడ కట్టేస్తావు?"

"బాల్కనీ పెద్దది తాతా. లిఫ్టు ఉంది, ఇబ్బంది ఉండదు."

"పాలు పితకను వచ్చునా?"

ఆయన నవ్వాడు. "పాల కోసం కాదు తాతా. ఊరికే ఇంట్లో తిరుగుతుంటే బాగుంటుందని. పిల్లలు ముద్దు చేస్తారు."

పెద్దాయన తల ఊపాడు. తర్వాత కొడుకు వైపు చూశాడు. గుంజకు తగిలించిన పలుపు వైపు చూశాడు.

"పలుపు ఎవురు విప్పినారు?"

కొడుకు నీళ్లు నమిలాడు. "నేనే నాయనా."

"నేను బతికుండంగానే?"

అంతే అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. అంత లావు మనిషి, ఆ కొడుకు, తల దించుకున్నాడు. తనే పోయి వ్యానులో నుంచి పెయ్యను ఎత్తుకుని దించాడు. రంగుల తాడు విప్పి అవతలివాళ్ల చేతిలో పెట్టాడు. కళ్లద్దాల ఆయన ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. పాపం ఆయనకు ఏమీ చెప్పకుండా పిలిచినట్టుంది. వాళ్ల వ్యాను ఆ పరుపుతోనే ఖాళీగా పోయింది. పెద్దాయన వణుకుతూ నిలబడే ఉన్నాడు, బుడ్డావు ఆయన వాకర్‌ను నాకుతోంది.

నేను షోరూముకు తిరిగొచ్చేసరికి కొడుకు ఫోను అక్కడికి ముందే చేరింది. మా యజమాని గ్లాసు గదిలోకి పిలిచాడు.

"ఏమప్పా, నిన్ను స్పీకర్లు బిగించను పంపిస్తే పంచాయితీ చేసి వస్తావా? వాళ్లింటి గొడవ మనకెందుకు? నెట్టులో మన షాపు గురించి ఎంత చెడ్డగా రాస్తారో తెలుసా? ఫోన్ చేసి సారీ చెప్పు."

"ఏ తప్పుకు చెప్పాల సామీ?"

"టీవీ ఆపినందుకు!"

"అది ఆపినందుకు కాదు, అంతసేపు నడిపినందుకు చెప్తాను. అదీ ఆ పెద్దాయనకు."

ఆయనకు నా మాట ఎక్కలేదు. కస్టమర్ దేవుడు అన్నాడు. మంచాన పడ్డవాడు కస్టమర్ కాడా, చూసేది ఆయనే కదా అన్నాను. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాడే కస్టమర్ అన్నాడు. ఇన్నేళ్లు ఇలాంటి మనిషి దగ్గరా పనిచేశాను అని నా మీద నాకే అసహ్యం వేసింది. డ్రిల్లింగ్ మిషను ఆయన టేబుల్ మీద పెట్టేసి ఇంటికొచ్చాను. నా రిటైర్మెంటు అది. శాలువా లేదు, దండ లేదు, నా గురించి నాలుగు మంచి ముక్కలు మాట్లాడినవాడూ లేడు. అక్కర్లేదు కూడా.

నేనేదో ఆవుల్ని కాపాడిన వీరుణ్ణని మీరు అనుకోవద్దు. ఈ కథ అక్కడ అయిపోయి ఉంటే చెప్పుకోవడానికి బాగుండేది. కొన్ని నెలలకు కోడలు ఫోన్ చేసింది. "అన్నా, మామ నిన్ను రమ్మంటాండాడు. బుడ్డావును ఇచ్చేస్తాండాడు."

మళ్లీ ఏం నాటకమో అని మండిపడుతూ పోయాను. నాటకం కాదు. పెద్దాయన కొట్టం ముందర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నడక ఇక రాదని డాక్టర్లు తేల్చేశారు. మా కుప్పం పక్క నుంచి ఒకామె వచ్చింది, ఆవులున్న ఇంటి మనిషి. ఎవరెవరినో విచారించి ఆమెను పిలిపించింది పెద్దాయనే. చెంబు చేతికిచ్చి "పితికి సూపించమ్మా" అన్నాడు. ఆమె కూర్చుని, పొదుగు కడిగి, పితికింది. ఆయన కళ్లు మూసుకుని పాలు చెంబులో పడే చప్పుడు విన్నాడు. సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. చిన్నావునూ పెయ్యనూ ఉంచుకుంటానన్నాడు. కోడలు ఆ మాత్రం చూసుకోగలనని చెప్పిందట, అడిగితే.

"నేను సూసుకోలేనని నాకు తెలీదా అప్పా?" అన్నాడు నాతో. "ఆ బిడ్డ నడుం సంగతి నాకు తెలీదా? మంచంలో నుంచి ఆమె మూలిగేది ఇనపడతానే ఉండాది. వచ్చి అడిగింటే ఇచ్చేయండని అప్పుడే సెప్పిందును గదా. ఒక్కరు అడగలేదే!"

ఈ ఒక్క మాటకే నేను ఇంత కాగితం ఖరాబు చేస్తున్నాను. టీవీ ఎంత పెద్దది కొనాలో అడిగారు. స్పీకరు ఏది మంచిదో అడిగారు. ఏ సినిమా పెట్టాలో నన్ను అడిగారు. ఆయన్ను మాత్రం అడగలేదు.

కొడుకు ఆవును పట్టుకొచ్చి కుర్చీ దగ్గర నిలబెట్టాడు. పెద్దాయన తన చేత్తో ముడి విప్పాడు. వేళ్లు తిరగక చాలాసేపు పట్టింది, ఎవరూ సాయం పోలేదు. బుడ్డావు బండి ఎక్కింది. మేం ఆయన్ను లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. ఆయనకు ఊరట కావాలని కొడుకు రిమోటు తీసి నా చేతిలో పెట్టాడు. బయట బండి స్టార్టు అయింది. ఆవు అరిచింది. కోడలు కంగారుగా తలుపు దగ్గరికి పోయింది.

"మూయద్దమ్మా," అన్నాడు పెద్దాయన. "నేనే గదా పంపిస్తాండేది. ఇంటాను."